సత్యనారాయణపురంలో స్కేలు పట్టుకుని బొమ్మలమ్మే బాబాయిగారి కొట్టు

సంక్రాంతికి కొలువు పెట్టేవాళ్లు, పిల్లలకి ప్లాస్టిక్ కాకుండా వేరే ఏదైనా కొనిపెడదామని చూస్తున్నవాళ్లు విజయవాడ వచ్చినప్పుడు ఒక పూట ఖాళీ చేసుకుని సత్యనారాయణపురంలో ఉన్న ఈ బొమ్మల కొట్టుకి తప్పకుండా వెళ్లండి. పూట అంటే నిజంగా పూటే. పది నిమిషాల్లో చేతికందింది కొనేసి బండెక్కుదాం అనుకుంటే మాత్రం వెళ్లకండి, మీకూ విసుగే, ఆయనకీ విసుగే.

కొట్టు ఎక్కడంటే, ఒకప్పుడు రైలు పట్టాలుండి ఇప్పుడు బీఆర్‌టీఎస్ రోడ్డయింది చూడండి, దాని వెనక వీధుల్లో ఒక పాత డాబా ఇంటి ముందు గది. బోర్డు లేదు. పేరు, ఫోన్ నంబరు రాయొద్దని ఆయనే చెప్పారు. నంబరు బయటికెళితే పెళ్లికి రెండొందల రిటర్న్ గిఫ్టులు కావాలి, గృహప్రవేశానికి మూడొందలు కావాలి అని ఫోన్లు మొదలవుతాయట. బొమ్మల బాబాయిగారి కొట్టు అని అడిగితే ఆ మూల మీద టీ బండి అతను కూడా చూపిస్తాడు కాబట్టి వెతుక్కోవడం కష్టమేమీ కాదు.

ఆయన రైల్వేలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. ఇంట్లో వాళ్లు వద్దంటున్నా వినకుండా ముందు గదిలో ఉన్న మంచం, టీవీ లోపలికి జరిపించి బొమ్మలు పెట్టుకున్నారు. బొమ్మలు ఆయన చెయ్యరు. కొండపల్లి, ఏటికొప్పాక వెళ్లి, ఎప్పుడైనా నిర్మల్ దాకా కూడా వెళ్లి, చేసేవాళ్ల ఇంటి అరుగు మీద కూర్చుని ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని తిప్పి చూసి కొనుక్కొస్తారు. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక స్టీలు స్కేలు ఉంటుంది. మాట్లాడుతూ మాట్లాడుతూ అది తీసి ఏదో ఒక బొమ్మని కొలుస్తూనే ఉంటారు, ఉద్యోగంలో పట్టుకున్న అలవాటు అనుకుంటా, కానీ ఈ కొట్టు మొత్తం ఆ స్కేలు మీదే నడుస్తుంది.

ఎలాగంటే, మామూలు షాపుల్లో దేవుళ్లు ఒక వైపు, జంతువులు ఒక వైపు, లేకపోతే ఖరీదైనవి పైన, చవకవి కింద పెడతారు కదా. ఇక్కడ మనిషి బొమ్మ ఎత్తుని బట్టి వరసలు. ఆరంగుళాల మనుషులు ఉన్న వరసలో ఎద్దులు, బండి, గిలకబావి, తాటిచెట్టు, పెళ్లి పల్లకీ అన్నీ ఆ మనిషికి సరిపోయే కొలతలోనే ఉంటాయి. దాని కింద మూడంగుళాల వరస, దానికి వేరే ఎద్దులు, వేరే బండి. అన్నిటికంటే కింద చిన్న చిన్నవి, అంగుళం, అంగుళంన్నర. ఒక వరసలోది ఇంకో వరసలోదానితో కలిపి కొంటానంటే అమ్మరు. నా ముందే ఒకావిడ పెద్ద బండి తీసుకుని, చిన్న ఎద్దుల ముఖాలు బాగున్నాయని వాటిని ఎంచుకుంటే, "అమ్మా, ఎద్దులు బండిని లాగాలా, బండి ఎద్దుల్ని లాగాలా?" అని రెండూ తిరిగి అరలో పెట్టేశారు. ఆవిడకి కోపం వచ్చింది. నాకైతే ఆయన చెప్పిందే కరెక్ట్ అనిపించింది. చాలా ఇళ్లల్లో కొలువులు చూస్తాం, శివుడి కంటే పక్కనున్న చిలక పెద్దదిగా ఉంటుంది, పెళ్లికూతురి మోకాలి దాకా రాని పురోహితుడు ఉంటాడు. అలా కలగాపులగంగా పెట్టుకోవడంలో కూడా ఒక సరదా ఉంది, కాదనను, కానీ ఒకే కొలతలో ఊరు ఊరంతా పేర్చి చూస్తే ఆ తేడా తెలుస్తుంది, అదంతా నిజంగా ఒక ఊరే అనిపిస్తుంది.

ఇంకో సంగతి, లోపలికి వెళ్లగానే మిమ్మల్ని పీట మీద కూర్చోమంటారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి పొట్టి స్టూలు ఉంది. అరలన్నీ కూర్చున్న మనిషి కంటికి తగిలే ఎత్తులో కట్టించుకున్నారు. "పైనుంచి చూస్తే బొమ్మకి నెత్తి తప్ప ఏం కనబడుతుందమ్మాయ్, దాని ఎదురుగా కూర్చుని చూడు" అన్నారు నాతో. కూర్చుని చూశాక నిలబడి ఎలా కొంటున్నామా ఇన్నాళ్లూ అనిపించింది. కల్లు గీసేవాడి బొమ్మ అందరం చూసిందే, తాటిచెట్టుకి సగం ఎక్కిన మనిషి. కంటి ఎత్తులో పెట్టి చూస్తే నడుం చుట్టూ ఉన్న మోకు చెట్టుని ఎక్కడ ఒరుసుకుంటోందో అక్కడ మనిషి నడుం వెనక్కి వాలి ఉంది, బరువంతా ఆ మోకు మీద వేసినట్టు. కాళ్లు రెండూ చెట్టుని పట్టుకున్న తీరు వేరు వేరుగా ఉంది, ఒకటి పైకి, ఒకటి కిందికి. నడుముకి వేలాడే లొట్టి నా చిటికెన వేలి గోరంత కూడా లేదు, దానికి మెడ, మెడకి తాడు కూడా ఉన్నాయి. ఇదంతా చేసినవాడు చెట్టెక్కేవాణ్ణి దగ్గర్నుంచి చూసుండాలి, ఊరికే పాత బొమ్మని చూసి ఇంకో బొమ్మ చేస్తే ఆ వాలు రాదు.

కొండపల్లి బొమ్మ గురించి తెలిసినవాళ్లకి తెలుసు, కానీ ఈయన చెప్పే పద్ధతిలో వింటే కొత్తగా ఉంటుంది. తెల్ల పొణికి కర్ర ముక్క ఒకటి గల్లాపెట్టె పక్కనే ఉంటుంది, ముందు అది చేతికిస్తారు. కర్ర అంటే ఎంతో కొంత బరువు ఉంటుందని మన చెయ్యి సిద్ధమవుతుంది, తీరా చూస్తే ఏమీ లేనట్టే ఉంటుంది. గోరుతో నొక్కితే గుంట పడుతుంది. అంత మెత్తన కాబట్టే ఉలి, ఆకురాయి పెట్టి ముక్కు, చెవి, వేళ్లు తియ్యగలుగుతున్నారు. ముందు కర్రలో తేమ పోయేలా సన్నటి సెగ మీద ఆరబెడతారు. ఒళ్లు, చేతులు, తల విడివిడిగా చెక్కి, చింతపిక్కల పిండి, రంపపు పొట్టు కలిపి నూరిన మక్కుతో అతికిస్తారు. పైన సుద్ద పూత, ఆ తర్వాత రంగులు. అంబారీ ఏనుగు చెవి ఒంటితో కలిసిన చోట వేలు పెట్టి తడమమన్నారు. అతుకు ఎక్కడుందో నాకు దొరకలేదు. "దొరికితే కొనొద్దు" అన్నారు.

ఇది ఎందుకు ఇంత రాస్తున్నానంటే, పోయినేడు నేను ఆన్‌లైన్‌లో ఒక సైటులో కొండపల్లి దశావతారాలు అని ఫొటో చూసి తెప్పించాను. వచ్చినవి అచ్చులో పోసిన బొమ్మలు, పక్కన అచ్చు గీత స్పష్టంగా కనబడుతోంది, పదింటికీ ఒకటే ముఖం. అందులో ఒకటి బ్యాగులో వేసుకెళ్లి చూపిస్తే ఆయన ఏమీ తిట్టలేదు. నా ఒక చేతిలో అది, ఇంకో చేతిలో అంతే ఎత్తున్న పొణికి బొమ్మ పెట్టారు. బరువులోనే తెలిసిపోయింది. తర్వాత రెండింటినీ తిరగేసి అడుగు చూపించారు. అసలు దానికి అడుగున రంగు లేని చోట కర్ర చారలు, ఉలి దెబ్బలు ఉన్నాయి. మీరు ఎక్కడ కొన్నా సరే ఈ రెండూ చూసుకోండి, బరువూ అడుగూ.

ఇక ఈ కొట్టుకి ప్రాణం లక్కపిడతలు. అవి ఏటికొప్పాక నుంచి వస్తాయి, అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఊరు. కర్ర వేరు, పని వేరు. అక్కడ అంకుడు కర్ర వాడతారు, లేత్ మీద తిరుగుతున్న కర్రకి రంగు కలిపిన లక్క కడ్డీ ఆనిస్తే ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది, మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. పసుపు, జాఫ్రా గింజలు, నీలి లాంటివాటి నుంచి తీసిన రంగులు. ఈ ఊరి బొమ్మలకి 2017లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకు అని చెప్పే భౌగోళిక గుర్తింపు వచ్చింది, సహజ రంగుల మీద ఏళ్ల తరబడి పనిచేసిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు, 2025 రిపబ్లిక్ డే పరేడ్‌లో మన రాష్ట్రం శకటం కూడా ఈ బొమ్మలదే. అంత పేరొచ్చాక కూడా దుకాణాల్లో ఎక్కువగా కనబడేవి పెన్ను స్టాండ్లు, కీచైన్లు, గాజుల పెట్టెలే. వాటికి గిరాకీ ఉంది, పాపం వాళ్లూ బతకాలి, తప్పులేదు. కానీ ఈయన దగ్గర పాత వంటిల్లు మొత్తం దొరుకుతుంది. బిందె, చెంబు, మరచెంబు, కుంపటి, దాని మీదకి గిన్నె, గిన్నెకి మూత, గరిటె, కవ్వం, రోలు, రోకలి, తిరగలి.

ఆ తిరగలి గురించి కొంచెం చెప్పాలి. రెండు రూపాయల బిళ్ల కంటే కాస్త పెద్దదంతే. పై రాయి నిజంగా తిరుగుతుంది. మధ్యలో సన్నటి చీల, గింజలు పోసే చిల్లు, పక్కన పట్టుకుని తిప్పడానికి పిడి. పై రాయి ఎత్తి చూస్తే కింది రాయి మధ్యలో కొంచెం ఉబ్బుగా ఉంది, నిజం తిరగలికి ఉన్నట్టే. లోపల అలా ఉందని ఎవరు చూస్తారు? ఆయన చూస్తారు. ఆ ఉబ్బు లేకుండా చేసి పంపిన తిరగళ్లు వెనక్కిచ్చేసి మళ్లీ చేయించారట. డబ్బులు రెండుసార్లకీ కట్టి చేయించారు, అది కూడా చెప్పాలి. మా అమ్మాయి అందులో ఆవాలు పోసి తిప్పింది, ఆవాలు నలగలేదు కానీ అంచు వెంట ఒక్కొక్కటే బయటికి రాలాయి. దానికే పది నిమిషాలు గదిలో ఉన్న పెద్దవాళ్లందరం వంగి చూస్తూ ఉండిపోయాం.

పిల్లల్ని ముట్టుకోనిస్తారు, ఇది నాకు చాలా నచ్చిన విషయం. ఇలాంటి కొట్లల్లో "బాబూ చెయ్యి పెట్టకు" అనే మాట తప్ప వేరే వినబడదు. ఈయన మాత్రం అరచేతులు తుడిపించి ఇచ్చేస్తారు. కానీ వయసు అడుగుతారు. మూడేళ్ల లోపు పిల్లలకి అంగుళం సామాన్లు ఇవ్వరు, మింగేస్తారని. నోట్లో పెట్టుకునే వయసైతే కొండపల్లి బొమ్మ కూడా ఇవ్వరు, ఎనామిల్ రంగులుంటాయి కాబట్టి, ఏటికొప్పాక బొంగరమో పెద్ద గిలక్కాయో చూపిస్తారు. ఒకతను ఐఎస్ఐ మార్కు ఉందా అని అడిగాడు. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకి ఆ మార్కు తప్పనిసరి అయిన మాట నిజమే, అయితే హస్తకళల శాఖలో నమోదైన కళాకారులు చేసినవాటికి, జీఐ ఉన్నవాళ్లు చేసినవాటికి మినహాయింపు ఉంది. అది ఓపిగ్గా చెప్పి, "మార్కు లేదు కాబట్టే మీ పిల్లాడి వయసు నేను అడుగుతున్నా" అన్నారు.

మా ఇంటి సంగతి ఒకటి. అమ్మకి పుట్టింటి నుంచి వచ్చిన దశావతారాల సెట్టు ఉంది, అందులో వామనుడి గొడుగు ఎప్పుడో పోయింది. కమండలం ఉన్న చెయ్యి బాగానే ఉంది, గొడుగు చెయ్యి ఊరికే గుప్పిట బిగించి ఉంటుంది. ఏటా కొలువులో ఆయన్ని కాస్త పక్కకి తిప్పి పెట్టేవాళ్లం. దాన్ని తీసుకెళితే ఎవరైనా ఏమంటారు, కొత్త వామనుణ్ణి కొనుక్కోమంటారు, లేదా సెట్టే మార్చమంటారు. ఈయన కళ్లజోడు మార్చుకుని, గుప్పిట్లో ఉన్న చిల్లులోకి ముందు గుండుసూది, తర్వాత దబ్బనం, తర్వాత సైకిల్ ఊచ ముక్క పెట్టి చూసి, కొలత కాగితం మీద రాసుకున్నారు. మిగతా తొమ్మిది బొమ్మల ఫొటోలు కూడా అడిగారు, గొడుగు అంచు రంగు వాటి పంచెల అంచుల రంగుకి కలవాలట. కొత్త ఎరుపు వేస్తే పక్కన పాత ఎరుపు వెలిసినట్టు కనబడుతుందని, కొంచెం మట్టి రంగు కలిపించారు. వారాలు పట్టింది. మధ్యలో ఫోన్ చేస్తే "మక్కు ఆరాలి కదమ్మా, ముసురు పట్టింది" అన్నారు. గొడుగు వచ్చింది, చిల్లులోకి బిగుతుగా దిగింది, జిగురు కూడా పెట్టలేదు. దానికి తీసుకున్నది 150 రూపాయలు. అమ్మ ఆ రోజంతా వామనుణ్ణి లోపల పెట్టనివ్వలేదు, టీవీ పక్కనే పెట్టుకుంది.

ఆయనతో నేను ఒప్పుకోని విషయం ఒకటుంది, అది రిటర్న్ గిఫ్టుల సంగతి. ఒకే బొమ్మ పదికి మించి ఎవరికీ అమ్మరు. ఆయన చెప్పే కారణం ఏమిటంటే, తొందర ఆర్డరు పడితే మక్కు ఆరకుండానే సుద్ద, సుద్ద ఆరకుండానే రంగు పడిపోతాయి, ఆరు నెలల్లో పగుళ్లొస్తాయి, అప్పుడు కొన్నవాడు కొండపల్లి బొమ్మే నాసిరకం అంటాడు. పొణికి కూడా మునుపటిలా దొరకట్లేదు, ఉన్న కర్రని అలా పాడుచేయడం ఆయనకి ఇష్టం లేదు. అర్థమవుతుంది. కానీ చేసేవాళ్ల ఇళ్లల్లో పొయ్యి వెలిగేది పెద్ద ఆర్డర్లతోనే కదా, వందో రెండొందలో ఒకేసారి పోతే వాళ్లకి ఆ నెల టెన్షన్ లేకుండా గడుస్తుంది. ఇదే ఆయనతో అన్నాను. "అయితే నా దగ్గరెందుకు, కొండపల్లి ఎంత దూరం, ఇరవై కిలోమీటర్లు ఉంటుందేమో, బొమ్మల కాలనీకి వెళ్లి వాళ్ల చేతిలోనే డబ్బులు పెట్టండి, గడువు మాత్రం ఎక్కువ ఇవ్వండి" అన్నారు. ఆ మాట బాగుంది. మీకు ఎక్కువ సంఖ్యలో కావాలంటే అదే చెయ్యండి, ఇబ్రహీంపట్నం దాటగానే వస్తుంది, ఖిల్లా కూడా చూసి రావచ్చు.

ఇబ్బందులు కూడా చెప్పాలి. ధరల చీటీలు ఉండవు, ప్రతిదీ అడగాల్సిందే. బేరం లేదు, ఒక్క రూపాయి కూడా. చిన్న పిట్టలు 80 రూపాయల నుంచి ఉన్నాయి, లక్కపిడతల సెట్టు సామాన్ల సంఖ్యని బట్టి వెయ్యి లోపు, ఆరంగుళాల దశావతారాలు మాత్రం గట్టిగానే ఉంటాయి, కాలనీలో నేరుగా కొంటే తగ్గుతుందేమో. అయితే ఇక్కడ ఏరి తెచ్చినవి దొరుకుతాయి, నేను ఆ తేడా డబ్బులు సంతోషంగా ఇస్తాను. మధ్యాహ్నం ఒంటి గంట నుంచి నాలుగు దాకా తలుపు మూసేస్తారు. ఊళ్లకి వెళ్లినప్పుడు వరసగా రోజుల తరబడి మూసే ఉంటుంది, ముందుగా తెలిసే మార్గం లేదు, దూరం నుంచి వచ్చేవాళ్లకి ఇది నిజంగా కష్టం, ఒక కాగితం మీద రాసి తలుపుకి అంటించినా చాలు. గదిలో వెలుతురు తక్కువ, పొద్దున పూట వెళితేనే రంగులు సరిగ్గా తెలుస్తాయి. ఒక సెట్టులో ఒక్కటి చిట్లినా దాని బదులు కొత్తది చేయించేదాకా ఆ సెట్టు అమ్మరు, మీరు పర్వాలేదన్నా సరే.

కొరియర్ చెయ్యరు. ప్యాకింగ్ మాత్రం చాలా బాగా చేస్తారు, పాత చెప్పుల డబ్బాలో దూది, న్యూస్‌పేపరు, ఒక్కో బొమ్మకి ఒక్కో గూడు. బొమ్మ చెయ్యి ఎటు చాచి ఉందో అటు ఖాళీ వదిలి, మిగతా వైపులన్నీ బిగిస్తారు. మా కజిన్ ఒక పెట్టె మెల్‌బోర్న్ దాకా తీసుకెళ్లింది, ఒక్క వేలు కూడా విరగలేదు. ఆస్ట్రేలియా వెళ్లేవాళ్లు చెక్క వస్తువులున్నాయని ఫారంలో తప్పకుండా రాయండి, తను రాసింది, తెరిచి చూసి ఇచ్చేశారు. ఇంటికొచ్చాక తడి గుడ్డ పెట్టొద్దు, పొడి బ్రష్షుతో దులిపి, ఏడాదంతా పెట్టెలో పెట్టేటప్పుడు ఎండు వేపాకు వేస్తే చాలన్నారు.

సంక్రాంతి కొలువుకి ఏదైనా ప్రత్యేకంగా చేయించుకోవాలంటే దసరా లోపే వెళ్లి చెప్పుకోండి. మీ కొలువు మెట్లు ఎన్ని, ఒక్కో మెట్టు ఎత్తెంత, వెడల్పెంత అని అడుగుతారు, కొలుచుకుని వెళ్లండి. డిసెంబరులో వెళితే ఆ ఏడాదికి కుదరదనే చెబుతారు, ఎంత బతిమాలినా తొందర పని చేయించరు.